వీపున మోసే గుడారం: మన ఎండకూ గాలికీ ఏది సరి?

టెంటు కొనడానికి వెళ్లినవాడికి దుకాణంలో మొదట వినిపించే మాట ‘వాటర్‌ప్రూఫ్’. రెండో మాట ‘మూడు వేల మిల్లీమీటర్లు సార్’. ఆ మూడు వేలు దేని లెక్కో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. దేవనకొండ, ఆస్పరి, పత్తికొండ వైపు వాన సంగతి ఎరిగినవాళ్లు మాత్రం అక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే సగటు వాన 670 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పడమటి మండలాలకు అందులోనూ తక్కువే. చినుకు కోసం ఆకాశం వైపు చూసే ఊళ్లవాళ్లం వాన నుంచి కాపాడుకోవడానికే వేలు పోస్తున్నామంటే, ఆ లెక్క మనది కాదు. యూరప్ ముసురుకూ అమెరికా కొండల మంచుకూ తయారైన సరుకుతో పాటు అక్కడి భయాలు కూడా మన బజారుకు దిగాయి.

బ్యాగు వీపున వేసుకుని రెండు మూడు రోజులు కాలినడకన తిరిగే సరదా ఆదోని, ఎమ్మిగనూరు కుర్రవాళ్లలోనూ పెరుగుతోంది. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేస్తూ సెలవులకు వచ్చేవాళ్లు ఆ సరదాను వెంట తెస్తున్నారు. వాళ్లకు ఏ టెంటు పనికొస్తుందనే ప్రశ్నకు నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇక్కడ టెంటును అడుగును బట్టి, గాలి ఆడే తీరును బట్టి, రాడ్లను బట్టి ఎంచుకోవాలి. వాన సంగతి చివర్న చూసుకోవచ్చు.

ఆరుబయట పడుకోవడం ఈ సీమకు కొత్తేమీ కాదు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు వేల సంఖ్యలో శ్రీశైలానికి నడిచిపోతారు. ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లో వాళ్లు బారులు తీరితే ఊరూరా అన్నం పెట్టేవాళ్లు, మజ్జిగ పోసేవాళ్లు కనిపిస్తారు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరతారు. అంత దూరం నడిచేవాళ్ల సంచుల్లో ఎక్కువగా కనిపించేది ఓ దుప్పటి, ఓ పట్ట. వేలమంది ఒక్కచోట పడుకుంటే ఆ సందడే కాపలా. ఇద్దరు స్నేహితులు గుట్ట మీద ఒంటరిగా పడుకునేటప్పుడు ఆ ధీమా ఉండదు.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు చెట్ల కింద, గుళ్ల అరుగుల మీద, పట్టల గుడారాల్లో రోజుల తరబడి ఉండిపోతారు. దేవనకొండ, గోనెగండ్ల, కోసిగి, కౌతాళం నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణ వైపు పత్తి తీతకు వలసపోయే కుటుంబాలది మరో కథ. చేని గట్టున పట్టలు కట్టుకుని పిల్లాపాపలతో నెలలు గడుపుతారు. అది విహారం కాదు, గత్యంతరం లేని బతుకు. దాన్ని సరదా నడకతో పోల్చడం తప్పే. కానీ పట్టను ఏ గాలికి ఎటు కట్టాలో, నీళ్లు ఎటు పారతాయో, ఏ చెట్టు కింద పడుకోకూడదో వాళ్లకు తెలిసినంత ఏ ట్రెక్కింగ్ క్లబ్బుకూ తెలియదు.

అందుకే ఈ సమీక్షలో తొలి పోటీదారు వేల రూపాయల టెంటు కాదు, ప్లాస్టిక్ పట్టే. ఆదోనిలో అయినా ఎక్కడైనా టార్పాలిన్‌ను జీఎస్‌ఎం లెక్కన అమ్ముతారు. అంటే చదరపు మీటరు పట్ట ఎన్ని గ్రాములు తూగుతుందని. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు పట్ట తీసుకుంటే దాదాపు 9 చదరపు మీటర్లు. 250 జీఎస్‌ఎం రకమైతే రెండుంపావు కిలోలు, 150 రకమైతే కిలోంపావు పైమాటే. అదే కొలతలో సిలికాన్ పూత పూసిన పలచటి నైలాన్ గుడ్డ అర కిలోకు అటూ ఇటూ తూగుతుంది. ధర మాత్రం ప్లాస్టిక్ పట్టకు ఎన్నో రెట్లు. రెండు కర్రలు, నాలుగు తాళ్లు, ఓ పట్ట ఉంటే నీడా అవుతుంది, చినుకును ఆపే కప్పూ అవుతుంది. పగటిపూట విశ్రాంతికి దీన్ని మించింది లేదు, నాలుగు వైపులా గాలి ఆడుతుంది కాబట్టి. గాలి ఎక్కువైతే రాత్రంతా టపటపా కొట్టుకుని నిద్ర చెడగొడుతుంది. మూలల్లో లోహపు కన్నాల దగ్గర చిరుగుతుంది. రెండు వేసవుల ఎండ తగిలితే పొడిపొడిగా రాలుతుంది. అన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒక్కటే: పట్టకు అడుగు లేదు.

అడుగు ఎందుకంత ముఖ్యమో కట్లపామును ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. అది రాత్రిపూట తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్ల పక్కల్లోకి చేరుతుంది. కాటు పెద్దగా నొప్పి పెట్టదు, గుర్తు కూడా సరిగా కనిపించదు. కరిచిన సంగతి తెలియకుండానే నిద్రలోంచి శాశ్వత నిద్రలోకి జారిపోయినవాళ్లున్నారు. విషం నరాల మీద పనిచేస్తుంది, రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు. దానికి తోడు మన రాళ్ల సందుల్లో తేళ్లు. కాబట్టి ఈ ప్రాంతంలో టెంటు అంటే ముందు పురుగూ పుట్రా లోపలికి రాలేని మూత. అడుగు గుడ్డ దోమతెరకు కలిపి కుట్టి ఉండాలి, జానెడు ఎత్తు వరకు పక్కలకు లేచి ఉండాలి, జిప్పు చివరిదాకా పడాలి. జిప్పు దారుల మధ్య వేలు దూరేంత సందున్నా ఆ టెంటు వద్దు. అయిదు నిమిషాలకు బయటికి వెళ్లినా జిప్పు వేసి వెళ్లడం అలవాటు కావాలి. బూట్లు లోపల పెట్టుకోవడమో, పొద్దున్నే దులిపి తొడుక్కోవడమో చేయాలి. అడుగు లేని గుడారాలను, పట్ట మాత్రమే మోసే నడకలను పొగిడే రాతలు బోలెడున్నాయి. అవి రాసినవాళ్లకు కట్లపాముతో పనిపడలేదు.

అడుగుకు రెండో శత్రువు పల్లేరు కాయ. బీడులో ఎక్కడ పరిచినా నాలుగు కాయలు గుచ్చుకోక మానవు. సర్కారు తుమ్మ ముల్లు సంగతి సరేసరి, చెప్పు అడుగునే దిగబడుతుంది. పలచటి అడుగు గుడ్డలు దీనికి ఆగవు, గాలి పరుపు అసలే ఆగదు. టెంటు వేసే ముందు చెప్పు కాలితో కాదు, చేత్తో నేలంతా తడిమి ఏరాలి. ఆ పైన టెంటు కింద ఇంకో పొర పరవాలి. ఇందుకోసం కంపెనీలు విడిగా అమ్మే పట్టలు కొననక్కర్లేదు. పాత ఫ్లెక్సీ చాలు. మోయడానికి కాస్త బరువే గానీ, మన దగ్గర ఫ్లెక్సీలకు కరువెక్కడిది? ఏ పార్టీ నాయకుడైనా ముల్లును ఒకేలా ఆపుతాడు. దాన్ని టెంటు అడుగు కన్నా నాలుగు వేళ్లు చిన్నదిగా కత్తిరించుకోవాలి. బయటికి పొడుచుకొస్తే వాన నీరు దాని మీద పడి టెంటు కిందికే చేరుతుంది.

ఇక గాలి ఆడే తీరు. అది తెలియాలంటే పాతకాలపు దొరల గుడారాల దగ్గరికి వెళ్లాలి. 1800లో, అప్పట్లో దత్తమండలాలనే ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతుల భూముల లెక్కలు కడుతూ ఊరూరా గుడారాల్లోనే మకాం పెట్టాడు. 1827లో మద్రాసు గవర్నరు హోదాలో ఆఖరిసారి ఇటు పర్యటనకొచ్చి జూలై 6న పత్తికొండ మకాములో కలరాతో చనిపోయాడు. ఆనాటి దొరల గుడారాలను ఎద్దుబండ్లు, ఏనుగులు మోసేవి. మన ప్రశ్న వీపున మోసేదాని గురించి కాబట్టి వాటితో మనకు పని లేదు. కానీ వాటి కప్పులో ఒక కిటుకుంది. మన దేశపు ఎండకు తట్టుకోవడానికి కప్పును రెండు పొరలుగా వేసి మధ్యలో గాలి ఆడే ఖాళీ వదిలేవారు. ఎండ పై పొరను కాలుస్తుంది, వేడి గాలి ఆ సందులోంచి బయటపడుతుంది, లోపలి పొర అంతగా కాగదు.

ఈనాటి మంచి టెంట్లకూ రెండు పొరలే ఉంటాయి. లోపలిది దోమతెర గుడ్డ, బయటిది నీరు దిగని గుడ్డ. చలిదేశాల్లో దీన్ని మరో కారణంతో సమర్థిస్తారు. మనిషి ఊపిరిలోని తేమ ఒక్క పొర టెంటులో లోపలి వైపు నీటిబొట్లుగా పట్టి పక్కబట్టల మీద కారుతుంది. రెండు పొరలుంటే బయటి పొరకు పట్టిన చెమ్మ మనల్ని తాకదు. మన పొడి గాలిలో ఆ బాధ తక్కువ. గాజులదిన్నె ప్రాజెక్టు గట్టునో, మరో చెరువు పక్కనో డిసెంబరు రాత్రి టెంటు వేస్తే మాత్రం తెల్లారేసరికి తడిసిపోతుంది. నీటికి కాస్త దూరంగా, కాస్త ఎత్తున వేసుకుంటే సరి. మనకు రెండు పొరలు కావాల్సింది మన్రో కాలపు కారణానికే. కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి. పై గుడ్డ నేలను తాకకుండా బెత్తెడు పైనే ఆగాలి. పైన గాలి పోయే కిటికీ ఉండాలి. ఎదురెదురుగా రెండు తలుపులుంటే మరీ మంచిది. లోగుడ్డ మొత్తం జాలీ అయితే గాలి బాగా ఆడుతుంది గానీ, మే నెల సుడిగాలికి దుమ్మంతా అన్నంలోకే వస్తుంది. మోకాలి ఎత్తు వరకు గుడ్డ, ఆపైన జాలీ ఉన్న రకం మనకు సరిపోతుంది.

టెంటు వేయడంలో రెండు పద్ధతులున్నాయి. ముందు పై గుడ్డ నిలబెట్టి దాని కింద లోగుడ్డ వేలాడదీసేది ఒకటి. వాన కురుస్తుండగా వేయడానికి ఇది మేలు. ముందు లోగుడ్డ నిలబెట్టి పైన రెండోది కప్పేది మరొకటి. మనకు ఈ రెండోదే కావాలి. మబ్బు లేని రాత్రి పై గుడ్డ మడిచి పక్కన పెట్టుకుని, ఒట్టి జాలీ కింద పడుకోవచ్చు. ఏడాదిలో అలాంటి రాత్రులే మనకు ఎక్కువ. ఏ టెంటైనా పగలు పది దాటాక లోపల ఉండలేం. బయట తెలుపు, లోపల నలుపు ఉండి ఎండను తిప్పికొట్టే రకాలు డెకత్లాన్ అమ్ముతోంది. కారులో వేసుకుపోయేవాళ్లకు బాగుంటాయి, వీపున మోయడానికి బరువు.

అసలు ఆ మిల్లీమీటర్లేమిటి? గుడ్డను బిగించి దాని మీద గొట్టంలో నీళ్లు పోస్తూ పోతారు. ఎంత ఎత్తు నీటి బరువుకు గుడ్డలోంచి బొట్లు ఉబికి వస్తాయో ఆ ఎత్తే ఈ అంకె. పై గుడ్డకు 1500 నుంచి 2000 ఉంటే మన వానలకు ధారాళంగా చాలు. అడుగుకు ఎక్కువ కావాలి, మోకాలు ఆనించి కూర్చుంటే తడి నేలలోని నీటిని మన బరువే లోపలికి తోస్తుంది కాబట్టి. అంకె ఎంతున్నా నీళ్లు దిగేది కుట్టు కన్నాల్లోంచి. కుట్ల మీద లోపలి వైపు టేపు అతికి ఉందో లేదో చూడటం అంకె చదవడం కన్నా ముఖ్యం. ఇంటికి తెచ్చాక మిద్దె మీద వేసి పావుగంట పైపుతో నీళ్లు కొట్టి చూస్తే నిజం బయటపడుతుంది.

గుడ్డ విషయంలో మా మొగ్గు పాలిస్టర్ వైపే అని ఈ ప్రాంతం తరఫున చెప్పాలి. పేరున్న తేలికపాటి టెంట్లలో ఎక్కువ నైలాన్‌వి. నైలాన్ బలమైనదే, కానీ ఎండకు త్వరగా చివుకుతుంది, తడిస్తే సాగి వదులవుతుంది. పాలిస్టర్ కాస్త బరువైనా ఎండను ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. ఆదోని పత్తి బజారు నీడలో, 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు పక్కన ఉండి నూలు గుడ్డను కాదనడం బాధే. నూలు కాన్వాసు గాలి పీలుస్తుంది, తడవగానే దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఎండలో మన్నుతుంది. కానీ మోసేవాడి నడుం విరుగుతుంది. తడిసిందంటే ఇక ఎత్తనే ఎత్తలేం.

ఆస్పరి, తుగ్గలి గుట్టల మీద గాలిమరలు ఊరికే వెలవలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలికి చవక టెంటు రాడ్లు విల్లులా వంగి పుటుక్కుమంటాయి. అవి ఫైబర్‌గ్లాస్‌వి. విరిగినచోట పేళ్లు లేచి గుడ్డనూ చీలుస్తాయి, చేతినీ గుచ్చుతాయి. అల్యూమినియం రాడ్లు తేలిక, వంగినా తిరిగి సరిచేసుకోవచ్చు. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. ఏ రాడ్లయినా, వాటి కన్నా కాస్త లావుగా జానెడు పొడవు లోహపు గొట్టం ముక్క ఒకటి వెంట ఉంచుకుంటే విరిగినచోట తొడిగి గుడ్డ పట్టీ చుట్టి రాత్రి గడుపుకోవచ్చు.

మేకుల దగ్గర మన నేల మూడు రకాలుగా ఏడిపిస్తుంది. ఎర్ర గరపనేలలో టెంటుతో వచ్చే సన్నపు తీగ మేకులు వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏడెనిమిది అంగుళాల ఇనుప మేకులే దిగుతాయి. నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలు, వానాకాలం బురద. బురదలో మేకు నిలవదు. సంచిలో రాళ్లు నింపి తాడు కట్టి పూడ్చాలి. అయినా రేగడిలో వాన పడితే టెంటు కన్నా ముందు మనమే కదల్లేం, కాబట్టి మబ్బు పట్టిన రోజు అక్కడ దిగకపోవడమే మంచిది. ఇక ఆదోని కొండలాంటి చోట్ల ఒట్టి బండ. మేకు ప్రశ్నే లేదు, తాళ్లను రాళ్లకు కట్టుకోవాలి. ఈ కారణంగానే మేకుల బలంతో నిలబడే సొరంగం ఆకారపు టెంట్లు, నడక కర్రల మీద నిలిపే టెంట్లు ఎంత తేలికైనా మనకు ఇబ్బందే. రాడ్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ తమంతట తామే నిలబడే గుమ్మటం ఆకారమే నమ్మకం. 1975లో నార్త్ ఫేస్ కంపెనీ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గుమ్మటాల లెక్కను టెంటుకు అన్వయించి అమ్మినప్పటి నుంచి కొండలెక్కేవాళ్లలో పాత త్రికోణపు గుడారం వెనకబడింది.

బరువు మాటకొస్తే, మనకు మంచుకొండలు లేవు కదా, అర కిలో ఎక్కువైతే ఏమిటి అనిపిస్తుంది. నీళ్లు గుర్తు తెచ్చుకుంటే అలా అనిపించదు. ఈ గుట్టల్లో ఊట దొరుకుతుందని నమ్మి నడవలేం. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు, అంటే నాలుగైదు కిలోలు, వీపు మీదే ఉండాలి. టెంటులో తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు నీళ్లవుతుంది. ఇద్దరి మధ్య రెండున్నర కిలోలు మించని టెంటు, రాడ్లు ఒకరు, గుడ్డ ఒకరు పంచుకుంటే, సరిపోతుంది. ‘ఇద్దరికి’ అని రాసి ఉన్న టెంటు వెడల్పు నాలుగు, నాలుగున్నర అడుగులు మాత్రమే ఉంటుంది. ఉక్కపోతలో భుజానికి భుజం ఆనించి పడుకోవడం కష్టం. ఒక్కరికి ‘ఇద్దరి’ టెంటు, ఇద్దరికి ‘ముగ్గురి’ టెంటు అని లెక్క వేసుకోవాలి.

ధరల్లో మూడు మెట్లున్నాయి. ఆన్‌లైన్లో రెండు వేల లోపు దొరికే రంగురంగుల ఒక్క పొర టెంట్లు మిద్దె మీద పిల్లలు ఆడుకోవడానికి బాగుంటాయి. నాలుగు వేల నుంచి పదివేల మధ్య డెకత్లాన్ వాళ్ల కెచువా వంటి రెండు పొరల గుమ్మటాలున్నాయి. మనలో ఎక్కువమందికి ఇవే చాలు, దొరికితే అల్యూమినియం రాడ్ల రకం. అదే కంపెనీ 2005లో తెచ్చిన విసిరితే విచ్చుకునే టెంటు వేయడానికి క్షణం పడుతుంది కానీ, మడిస్తే పెద్ద జల్లెడంత చక్రమవుతుంది. దాన్ని వీపున కట్టుకుని ముళ్ల చెట్ల మధ్య నడవడం కుదరని పని. చైనా కంపెనీ నేచర్‌హైక్ తేలికపాటి టెంట్లు రెండు కిలోల లోపే ఉంటాయి, పదివేలకు అటూ ఇటూ. కొన్ని రకాలకు కాళ్ల వైపు మేకులు తప్పనిసరి, అది చూసుకోవాలి. ముప్పై వేలు దాటిన అమెరికన్ టెంట్లు హిమాలయాలకు తరచూ వెళ్లేవాళ్లకు గిట్టుబాటు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ లాంటివాళ్లు పైన పడుకునే టెంట్లు వేరే జాతివి. మంచు పెళ్లలు, పెనుగాలి కోసం కుట్టినవి. వాటిని తెచ్చి మన కప్పట్రాళ్ల గుట్టల్లో వేస్తే లోపల ఉడికిపోతాం.

కొన్నాక టెంటును చంపేది వాడకం కన్నా దాచే చోటు. రేకుల ఇంటి అటక మీద చుట్టి పడేస్తే వేసవి వేడికి, అంతకుముందు మిగిలిన చెమ్మకు లోపలి పూత జిగురుగా మారి, పుల్లటి కంపు కొట్టి, పొరలుగా ఊడిపోతుంది. అలా అయ్యాక బాగుచేయడానికి లేదు. నీడన ఆరబెట్టి, వదులుగా ఏదైనా నూలు సంచిలో వేసి, ఇంట్లో చల్లటి మూల ఉంచాలి. జిప్పులో దుమ్ము చేరితే పాత పళ్ల బ్రష్‌తో దులపాలి. జిప్పు బిళ్ల అరిగితే బ్యాగులు కుట్టేవాళ్లు కొద్ది రూపాయలకే మారుస్తారు, టెంటు పారేయక్కర్లేదు.

ఎక్కడ వేయాలన్నది కూడా ఎంపికలో భాగమే. రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస కుదరదు, కప్పట్రాళ్ల అడవైనా అంతే. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో సొంత టెంటు ఆలోచనే పెట్టుకోకూడదు. అక్కడ బైర్లూటి, పచ్చర్లలో అటవీశాఖే బస ఏర్పాటు చేసింది. పొలాల్లో అయితే రైతునడిగి వేసుకోవచ్చు, పైరు కోసిన చేను ఎవరూ కాదనరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వెళ్లేవాళ్లు అసలు కొననే అక్కర్లేదు. బెంగళూరు, హైదరాబాదుల్లో అద్దెకు దొరుకుతాయి, గండికోటలో లోయ దగ్గరే ఇచ్చేవాళ్లున్నారు. డబ్బు చేతికిచ్చే ముందు టెంటు విప్పించి, లోపలికి వెళ్లి కూర్చుని, జిప్పు చివరిదాకా పడుతోందో లేదో చూసుకోండి.